ఓడినట్టు కాగితం

ముందుగా ఒక మనవి. ఇందులో అక్షరాలు తప్పుంటే మన్నించండి. ఒత్తు ఎక్కడ పెట్టాలో నాకిప్పటికీ గట్టిగా తెలియదు. శ, ష, స మూడూ నా చెవికి ఒకటే. నాలుగు పంక్తులు రాస్తే వేళ్ళు నొప్పి పెడతాయి, అందుకని ఈ కథ పూర్తవడానికి ఆరు నెలలు పట్టింది. ఇది యాభై నాలుగో ఏట నేర్చుకున్న చదువు. మా ఆయన పోయిన మరుసటేడు అంగన్‌వాడీ టీచరు లలితకుమారి గారు మధ్యాహ్నంపూట పలక మీద దిద్దించారు. బస్సు మీద ఊరి పేరు ఇంకొకరిని అడక్కుండా చదువుకుంటే చాలనుకున్నాను. ఆ చదువు నన్ను ఎక్కడికి తీసుకుపోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఊరి పేరు రాయను. ఉత్తరాన ఉంటుంది, ఒక మునిసిపాలిటీ, ఒక రైలు గేటు ఉంటాయి. అక్కడ మార్కెట్ యార్డు గోడ పక్కన ఇరవై రెండేళ్ళు చోడి అంబలి, అంటే రాగి అంబలి, అమ్మాను. ముందురోజు పిండి నానబెట్టి, తెల్లవారుజామున మూడింటికి లేచి నూకలు వేసి కాచి, ఆరింటికల్లా చల్లారిన కుండ గోడ పక్కకు చేర్చి మజ్జిగ కలిపేదాన్ని. యార్డులో బస్తాలు మోసే కలాసీలు ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని చెంబెడు తాగి పనిలోకి దిగేవారు. తొమ్మిదికల్లా కుండ ఖాళీ. పది దాటితే అంబలి మరీ పులిసిపోతుంది, మనుషులు తాగలేరు. కుండ నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరగడానికి నా మోకాళ్ళు ఎప్పుడో పనికిరాకుండా పోయాయి. అందుకని ఆ గోడ పక్క నాలుగడుగుల చోటే నాకు పొలమూ, పింఛనూ, కొడుకూ.

మా గోడ పొడుగునా నలభై మందిమి ఉండేవాళ్ళం. నాకు కుడిపక్క ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్మే జగ్గమ్మ, ఎడమపక్క చెప్పులు కుట్టే ఎర్రయ్య.

ఆ ఏడు ఎండలు మొదలయ్యే ముందు మునిసిపాలిటీలో ఒక కొత్త విభాగం వెలిసింది. దాని పేరు ఔత్సాహిక వ్యాపారవేత్తల పఠనాభివృద్ధి విభాగం. బోర్డు ముందు వచ్చింది, కుర్చీలు తరువాత వచ్చాయి, పని ఇంకా తరువాత వచ్చింది. దానికి ప్రత్యేకాధికారి శశిభూషణరావు గారు. ఆయన పెద్ద నగరంలో ఐదు రోజుల శిక్షణకు వెళ్ళి, లోకంలోని గొప్ప వ్యాపారవేత్తలందరూ పుస్తకాలు చదివారని తెలుసుకుని వచ్చారు. వాళ్ళందరూ పొద్దున్నే ముఖాలు కూడా కడుక్కునే ఉంటారు. ఆ సంగతి శిక్షణలో చెప్పలేదేమో, ఆయన పుస్తకాలతోనే ఆగారు.

మమ్మల్నందరినీ టౌను హాలుకు పిలిపించారు. వేదిక మీద పది పుస్తకాలు పూలదండతో కొలువున్నాయి.

"మహిళామణులారా, మహాశయులారా!" అని శశిభూషణరావు గారు మొదలుపెట్టారు. "నేటి వరకు మీరు కేవలం అమ్ముకుంటూ వచ్చారు. మీ అమ్మకంలో దృక్పథం లోపించింది. దార్శనికత కొరవడింది. ఇకపై మీరు చిల్లర వర్తకులు కారు. ఔత్సాహిక వ్యాపారవేత్తలుగా మిమ్మల్ని పునర్నిర్వచించడమైనది."

జగ్గమ్మ నా మోచేయి పొడిచింది. "ఏటి నేదంటన్నాడే ఒదినా మనకి?"

"దృక్పథం."

"నేకపోతే కాయలు ఉడకవేటి?" అని, ఆగలేక లేచి నిలబడింది. "బాబూ, ఆ ఔత్సాయికం అంటే ఏటి బాబూ?"

"వ్యాపారం చేయాలన్న ఉత్సాహం కలిగి, ఇంకా ప్రారంభించని వ్యక్తి" అన్నారాయన.

"నాను పద్దెనిమిదేళ్ళ కాడి నుంచి అమ్ముతన్నాను కదా బాబూ."

"చదవకుండా అమ్మిన కాలం పరిగణనలోకి రాదమ్మా."

ఆ ఒక్క మాటతో నలభై మందిమి ఇంకా ఏదీ మొదలుపెట్టనివాళ్ళమైపోయాం.

తరువాత నియమం చదివారు. వేదిక మీది పదీ సిఫారసు చేసిన గ్రంథాలు. ముప్పై రోజుల్లో అవి చదివి ముఖాముఖిలో నెగ్గినవారికి గుర్తింపు కార్డు. కార్డు ఉన్నవారికే గోడ పక్కన చోటు.

ఎర్రయ్య చెయ్యెత్తాడు. "సిఫార్సు అంటే, ఇట్టమైతే సదువుకోండి అని కదా బాబూ?"

"ముమ్మాటికీ. ఇది పూర్తిగా స్వచ్ఛందం. స్వచ్ఛందంగా చదవనివారి స్థలం మాత్రం ముప్పై ఒకటో రోజున రద్దు కాగలదు."

"సదువు రానోళ్ళ మాటేటి బాబూ?" అంది జగ్గమ్మ.

ఆయన ముఖం దయతో మెత్తబడింది. "నిరక్షరాస్యులకు సంపూర్ణ మినహాయింపు ఇచ్చాం. వారు ఒక్క పేజీ కూడా చదవనక్కర్లేదు."

జగ్గమ్మ నా వైపు చూసి నవ్వింది. "సూసినావా ఒదినా, పలక పట్టుకున్నావు, బుక్కయిపోనావు."

"అయితే" అన్నారు శశిభూషణరావు గారు, "చదవనివారు వ్యాపారవేత్తలు కాజాలరు. వ్యాపారవేత్తలు కానివారికి వ్యాపార స్థలం అవసరం ఉండదు. కనుక వారు ఎట్టి ఒత్తిడీ లేకుండా ఖాళీ చేయవచ్చు."

జగ్గమ్మ నవ్వు ఆగిపోయింది. నలభై మందిలో కూడబలుక్కుని చదవగలిగినవాళ్ళం పదకొండుమందిమి తేలాం. మిగతావాళ్ళకు మినహాయింపు వచ్చింది.

పది పుస్తకాలూ సంచిలో వేసి ఇచ్చారు. కుండకంటే సంచే బరువు. నేను ఒక్కొక్క అక్షరమే చదువుతాను. "వ్యాపారం" అన్న మాట చదివేసరికి ఒక ఊపిరి అయిపోతుంది. పుస్తకంలో ఆ మాట పేజీకి పదిసార్లు ఉంది. అయినా చదివాను. గోడ పక్కన కూర్చుని పైకే చదివేదాన్ని, జగ్గమ్మా ఎర్రయ్యా వినేవారు. తనకు మినహాయింపు వచ్చినా ముప్పై రోజులూ కదిలేది లేదని జగ్గమ్మ చెప్పేసింది.

మొదటి పుస్తకం నాలుగు గంటలకే నిద్రలేచే ఒక కోటీశ్వరుడిది. అతను లేచి ఏం చేస్తాడో అరవై పేజీలు ఉంది. వేడినీళ్ళు తాగుతాడు, కళ్ళు మూసుకుని కూర్చుంటాడు, రేపటి తన గురించి ఊహించుకుంటాడు, ఆకాశానికి కృతజ్ఞత చెబుతాడు.

"ఆ ఏణ్ణీళ్ళు కాసి ఇచ్చింది ఎవుతె?" అంది జగ్గమ్మ.

"రాయనేదు."

"అది మూడింటికి నెగిసుంటాది. దాని పుస్తకం ఏదీ?"

రెండోది కారు షెడ్డులో వ్యాపారం మొదలుపెట్టినవాడి కథ. ఎర్రయ్య చెప్పు కుడుతూ విన్నాడు. "ఆగు అప్పా. షెడ్డు ఆడి బాబుది. కారు బయటెట్టుంటాడు. కారు ఎండిపోనాదని ఏడ్సినాడేటి?"

మూడోదాంట్లో ఒకడు ఏడుసార్లు ఓడిపోతాడు. తండ్రి మిల్లు ముంచాడు, మేనమామ గోడౌను ముంచాడు, మామగారి తోట ముంచాడు. ఓటమే గురువు అని ప్రతి అధ్యాయం చివరా పెద్ద అక్షరాలతో ఉంది. ఎనిమిదోసారి గెలిచాడు.

"మనం ఒక్కపాలి మునిగితే తేలమే" అంది జగ్గమ్మ. "ముంచడానికైనా అంతమంది సుట్టాలుండాల."

నాలుగోవాడు కాలేజీ మధ్యలో మానేశాడు. అయిదోవాడు కూడా మానేశాడు. మిగతా అయిదు పుస్తకాలూ ఈ అయిదింటిని చదవమని చెబుతాయి.

పదిరోజులు గడిచేసరికి మేము అమ్ముకుంటూ చదువుతున్నామనీ, ఏకాగ్రత పోతోందనీ విభాగానికి ఫిర్యాదు అందింది. ఎవరు చేశారో తెలియదు. శశిభూషణరావు గారు పఠన ఘడియలు ప్రకటించారు. ఉదయం ఆరు నుంచి పది వరకు గోడ పక్కన అమ్మకం నిషేధం, పఠనం మాత్రమే. బుర్ర చురుగ్గా ఉండే సమయం అదేనని పుస్తకంలో ఉందట. నా అంబలి సమయం కూడా అదే. కాపలాకు అటెండరు ఉమాపతికి ఒక ఈల ఇచ్చి పంపారు.

మొదటి రోజు ఆరింటికి కలాసీ గౌరునాయుడు వచ్చాడు. మనిషి ఆరడుగులు ఉంటాడు, పొద్దున్నే మాట తక్కువ. "పిన్నీ, చెంబు పొయ్యి" అన్నాడు.

ఈల మోగింది.

"పఠనానికి అంతరాయం కలిగించరాదు" అన్నాడు ఉమాపతి. చీటీలో రాసిచ్చింది చదివాడు పాపం.

"ఆయమ్మని సదువుకోనీ. నానే ముంచుకుంటాను."

ఉమాపతి చీటీ తిప్పి చూశాడు. వెనకవైపు ఏమీ లేదు. మళ్ళీ ఈల వేశాడు.

గౌరునాయుడు ఉత్త కడుపుతో బస్తా ఎత్తుకున్నాడు. ఎనిమిదింటికి ఒక బస్తా జారి కాలి మీద పడింది. నేను చేతిలో పుస్తకం పట్టుకుని అది చూశాను. అప్పుడు నేను చదువుతున్న పంక్తి, "వినియోగదారుడే దేవుడు."

పదింటికి ఈల ఆగింది. కలాసీలు అప్పటికి లారీల మీద ఉన్నారు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి నా కుండ నిండుగా ఇంటికి తిరిగి వచ్చింది. పక్కింటివాళ్ళ గేదెల తొట్టిలో పోశాను. అవి కూడా ముందు వాసన చూసి ఆలోచించాయి.

నాలుగోనాడు ఉమాపతి మెల్లగా నా పక్కన చేరాడు. మా గోడ మూసేశాక విభాగానికి టీ లేదు, టిఫిను లేదు. టీ అమ్మే సత్తెం మూడో పుస్తకంలో నాలుగో ఓటమి దగ్గర ఉన్నాడు.

"అమ్మా, ఒక్క చెంబు. ఈల జేబులో ఎట్టీసినాను" అన్నాడు.

"మరి ఆళ్ళకో?" అన్నాను, కలాసీల వైపు చూపించి.

"ఆళ్ళకి పోత్తే నా ఉద్యోగం పోతాది. నాకు పోత్తే ఎవుడు ఈల ఏత్తాడు?"

ఆకలైనవాడికి లేదనలేక పోశాను. పోస్తూ అతని మాట నిజమేననుకున్నాను.

ముప్పయ్యో రోజున ముఖాముఖి. పదీ పూర్తి చేశాను. ఆఖరి పుస్తకం ఆఖరి పేజీ చదివినప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంత గర్వం, ఎక్కువ చత్వారం.

బల్ల వెనక శశిభూషణరావు గారు, ఆయన పక్కన కాలేజీ నుంచి రప్పించిన పఠన నిపుణుడు ఒకాయన కూర్చున్నారు. బల్ల మీద పది పుస్తకాలూ ఉన్నాయి. పదీ ఇంకా ప్లాస్టిక్ తొడుగుల్లోనే ఉన్నాయి. నిపుణుడి చేతిలో మాత్రం ఒక జాబితా ఉంది. పుస్తకాల అట్టల వెనక ఉన్న విషయాల్ని ప్రశ్నలుగా మార్చి తయారు చేశారని తరువాత తెలిసింది.

"దరఖాస్తుదారు ఉదయం ఎన్ని గంటలకు మేల్కొంటారు?"

"మూడింటికి బాబూ."

నిపుణుడు తల అడ్డంగా ఊపాడు. "విజేతలు నాలుగింటికి మేల్కొంటారని మొదటి గ్రంథం."

"ఒక గంట ముందే నెగుస్తన్నాను కదా బాబూ."

"ముందైనా వెనకైనా వ్యత్యాసం వ్యత్యాసమే" అన్నారు శశిభూషణరావు గారు. "సవరించుకోగలరా?"

"నాలుగింటికి నెగిస్తే అంబలి ఆరింటికి సల్లారదు."

"అంబలి వైపు నుంచి సహకారం లేదు" అని నిపుణుడు రాసుకున్నాడు. "వ్యాపారం ఏ షెడ్డులో ప్రారంభించారు?"

"గోడ పక్కన."

"గోడ షెడ్డులో నాలుగోవంతు. తక్కిన మూడు వంతులు ఎప్పటికి సమకూరుతాయి?"

నాలుగోవంతు మార్కు వేశారు.

"ఏ తరగతిలో చదువు మానేశారు?"

"నాను బడికే ఎల్లనేదు బాబూ. ముసిలితనంలో నేర్సుకున్నాను."

ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. "చేరనివారు మానేయలేరు" అన్నాడు నిపుణుడు. "ఇది చాలా తీవ్రమైన లోటు."

"ఒక మార్గం ఉంది" అన్నారు శశిభూషణరావు గారు, నిజంగా సాయం చేద్దామనే. "తమరు పదో తరగతి ప్రైవేటుగా కట్టి, ఇంటరు ముగించి, డిగ్రీలో చేరండి. చేరిన రెండో ఏట మానేయండి. అప్పుడు ఈ అంశంలో పూర్తి మార్కులు."

నాకు అరవై రెండేళ్ళని చెప్పాను. ఔత్సాహికులకు వయోపరిమితి లేదని ధైర్యం చెప్పారు.

"ఇక ముఖ్యమైనది. ఇంతవరకు ఎన్నిసార్లు వైఫల్యం చెందారు? కనీసం మూడు ఉండాలి."

"నేదు బాబూ."

"ఒక్కటి కూడానా?"

"ఇరవై రెండేళ్ళలో తుపాను రోజులు తప్పిత్తే తొమ్మిదింటికల్లా కుండ కాళీయే."

ఇద్దరూ చావు కబురు విన్నట్టు చూశారు నన్ను. "అయ్యో" అన్నాడు నిపుణుడు. "ఇరవై రెండేళ్ళు ఓటమి లేకుండా గడిపేశారా?"

అప్పుడు నాకొక ఆశ కలిగింది. "ఉన్నాది బాబూ, మరిసిపోనాను. మీ ఈల వల్ల మూడు వారాలుగా కుండ కుండంతా గేదెలకే పోసీసినాను. అది ఓటమి కాదేటి?"

శశిభూషణరావు గారు నిటారుగా కూర్చున్నారు. "అది వైఫల్యం కాదు. అది కార్యక్రమం. కార్యక్రమాల వల్ల వైఫల్యాలు సంభవించవు."

"మరి నానేటి సెయ్యాల?"

"ఓడిపోయి, ఓడినట్టు ధ్రువపత్రం తీసుకుని రండి."

"అది ఎవులిత్తారు బాబూ?"

దాని మీద చాలాసేపు చర్చ జరిగింది. గెలిచినట్టు కాగితం ఇవ్వడానికి ఎందరో అధికారులున్నారు గాని ఓడినట్టు ఇవ్వడానికి ఒక్కరూ లేరు. చివరకు నిపుణుడికి ఒక ఊహ వచ్చింది. "ఈమె ఈ ముఖాముఖిలో తప్పారు కదా. ఇది ఒక వైఫల్యమే. మనమే ధ్రువీకరించవచ్చు."

"అలగైతే" అన్నాను, "ఇంకో రెండుపాలు తప్పితే నెగ్గినట్టేనా?"

"నియమం ప్రకారం అంతే" అన్నారు శశిభూషణరావు గారు సంతోషంగా. తరువాతి పేజీ తిప్పి చదివి, సంతోషం తగ్గించుకున్నారు. "కాని ముఖాముఖిలో మూడుసార్లు తప్పినవారు శాశ్వతంగా అనర్హులు."

లేచేముందు ఒక్కటి మాత్రం అడిగాను. "బాబూ, పదీ సదివాను. అందులో ఏటున్నాదో అడగరా?"

"అందులో ఉన్నది అందులోనే ఉంది కదమ్మా" అన్నాడు నిపుణుడు. "అడగడం దేనికి?"

గోడ పక్క పదకొండుమందిమీ తప్పాం. నెగ్గింది ఒక్కడు. పేరు నిఖిలేశ్వర్. గోడ పక్కవాడు కాదు, బయటి నుంచి దరఖాస్తు పెట్టుకుని వచ్చినవాడు. ముప్పై ఏళ్ళుంటాయి. నాలుగింటికి లేస్తాడు. రెండు కాలేజీలు మానేశాడు. తండ్రికి షెడ్డు ఉంది, అందులో కారు కూడా ఉంది. తొమ్మిదిసార్లు ఓడాడు, అన్నింటికీ ఫోటోలు ఉన్నాయి. ఇంతటి అర్హత రాష్ట్రంలో ఇంకెక్కడా లేదని శశిభూషణరావు గారు పొంగిపోయారు. కార్డున్నవాడు అతనొక్కడే కాబట్టి నలభై చోట్లూ అతనికే వచ్చాయి.

మమ్మల్ని లేపేసిన రోజు జగ్గమ్మ తన పొయ్యి రాళ్ళు మూడూ కొంగులో కట్టుకుంది. "రాళ్ళకి కార్డు అక్కర్నేదు కదా బాబూ?" అని ఉమాపతిని అడిగింది. అతను చీటీ చూడలేదు. తల దించుకున్నాడు.

ప్రారంభోత్సవానికి పై నుంచి పరిశీలన బృందం వచ్చింది. గోడకు సున్నం కొట్టి నలభై చోట్లకూ నంబర్లు వేశారు. మేము తాడుకు ఇవతల నిలబడి చూశాం. శశిభూషణరావు గారు రిబ్బను కత్తిరించి, బృందం పెద్దాయనను లోపలికి తీసుకువెళ్ళారు. ఎండ మండిపోతోంది.

"చాలా బావుంది" అన్నారు పెద్దాయన, చెమట తుడుచుకుంటూ. "ఏం అమ్ముతున్నావు బాబూ?"

"సార్, ఇంకా నిర్ణయించలేదు" అన్నాడు నిఖిలేశ్వర్. "మొదటి ఆరు నెలలూ వినియోగదారుణ్ణి అర్థం చేసుకుంటున్నాను." చేతిలోని కాగితం చూసి అడిగాడు. "సార్, ప్రస్తుతం మీ దాహం ఒకటి నుంచి పది వరకు ఎంత?"

"పది" అన్నారు పెద్దాయన.

అతను రాసుకున్నాడు. "ధన్యవాదాలు సార్."

వెనక వరుసలో గౌరునాయుడు నిలబడి ఉన్నాడు, కాలికి కట్టుతో. "నాది పన్నెండు. రాసుకో" అన్నాడు.

కాగితంలో పదివరకే ఉందని చెప్పాడు నిఖిలేశ్వర్.

ఆ మరునాడు గౌరునాయుడు మా ఇంటికి వచ్చి కుండ ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. "ఎక్కడికి రా?" అన్నాను.

"గేటు అవతలికి పిన్నీ. గేటు దాటితే మునిసిపాలిటీ కాదు, పంచాయితీ. ఈల అక్కడికి ఇనిపించదు."

రైలు గేటు పడితే ఇటు లారీలు, అటు లారీలు ఆగుతాయి. గేటుకు అవతల రావిచెట్టు కూడా లేదు, ఒక కరెంటు స్తంభం, దాని నీడ మాత్రం ఉన్నాయి. ఆ నీడ మనిషంత వెడల్పు కూడా ఉండదు. కలాసీలు దాని పక్కన నాలుగు వాసాలు పాతి గోనెపట్టాలు కప్పారు. యార్డు నుంచి రెండు ఫర్లాంగులు. అంత దూరం నడిచి వస్తారా అని భయపడ్డాను. మొదటిరోజు ఆరుగురు వచ్చారు. వారం తిరిగేసరికి అందరూ వచ్చారు. జగ్గమ్మ ఇల్లు అటే, మూడు రాళ్ళూ దించి, నన్నూ తన వెనక గదిలోకి వచ్చేయమంది. ఎర్రయ్య వచ్చాడు, టీ సత్తెం వచ్చాడు. ఇంత దూరం నడిపించినందుకు నాకు సిగ్గేసింది. గౌరునాయుడు కుంటుతూనే వచ్చేవాడు.

విభాగం వార్షిక నివేదిక ఉమాపతి తెచ్చి చూపించాడు. అతను ఇప్పుడు మా దగ్గరే టిఫిను చేస్తాడు. కూడబలుక్కుని నేనే చదివి అందరికీ వినిపించాను. "పఠన కార్యక్రమం ఫలితంగా నలభై మంది చిరువర్తకులు తమ వ్యాపారాన్ని పొరుగు పంచాయతీకి విజయవంతంగా విస్తరించారు."

"తరిమీడాన్ని ఇస్తరించడం అంటారేటి ఒదినా?" అంది జగ్గమ్మ.

"పుస్తకాల్లో అంతే" అన్నాను.

వానాకాలం మొదట్లో ఒకరోజు గేటు పడింది. జీపులోంచి శశిభూషణరావు గారు దిగారు. ఆయన చిక్కిపోయి కనిపించారు. నిఖిలేశ్వర్ పదో ఓటమి పూర్తి చేసుకుని వెళ్ళిపోయాడు. నలభై నంబర్లూ గోడ మీద అలాగే ఉన్నాయి. పై నుంచి మళ్ళీ బృందం వస్తోంది.

"అసిరమ్మ గారూ, శుభవార్త" అన్నారు. నన్ను ఎవరూ గారూ అనలేదు అంతవరకు. "తమ విషయాన్ని పునఃపరిశీలించాం. తమకిప్పుడు మూడు వైఫల్యాలు పూర్తయ్యాయి. ముఖాముఖిలో తప్పడం ఒకటి. స్థలం కోల్పోవడం రెండు. ఊరు విడిచిపోవడం మూడు. తమరు సంపూర్ణంగా అర్హులు." జేబులోంచి కార్డు తీశారు. నా పేరూ, ఫోటో, మొదటి నంబరు చోటూ ఉన్నాయి. "ఇక్కడ సంతకం పెడితే చాలు. రేపటి నుంచి ఆ గోడ పక్క చోటు మీదే."

నిజం చెబుతున్నాను, చెయ్యి చాపాను. ఆ నాలుగడుగుల చోటు కోసం పది పుస్తకాలు చదివినదాన్ని. కలాసీలకు ఇంత నడక తప్పుతుంది. కలం తీసుకున్నాను. కాని చదవకుండా సంతకం పెట్టకూడదని లలితకుమారి గారు మొదటిరోజే చెప్పారు. వెనక తిప్పాను. సన్నని అక్షరాలు. ఒక్కొక్కటీ చదివాను. గేటు లేచింది, లారీలు కదిలాయి, మళ్ళీ గేటు పడింది. ఆయన నిలబడే ఉన్నారు.

"షరతు ఆరు. కార్డుదారు వ్యాపారంలో నిలదొక్కుకున్నట్లు తేలినచో, ఇకపై ఔత్సాహికులు కానందున, కార్డు రద్దగును."

"బాబూ, ఇదేటి?" అన్నాను.

"ఆ, అది మామూలు నిబంధన. నిలదొక్కుకున్నవారికి ఔత్సాహికుల స్థలం ఎందుకు?"

"అంటే కుండ రోజూ కాళీ అయితే లేపీసెత్తారు."

"అంత త్వరగా కాదు. ముందు నోటీసు ఇస్తాం."

"మిగిలిపోతే ఉండనిత్తారు."

"నిరభ్యంతరంగా."

కలం ఆయన చేతిలో పెట్టేశాను. "కార్డు మీద నా పేరు బాగానే ఉన్నాది బాబూ. తాగీవోళ్ళ పేర్లు నేవు. ఆళ్ళు ఇక్కడున్నారు, నానూ ఇక్కడే ఉంటాను."

ఆయన కోపగించుకోలేదు. బృందం వచ్చేది ఎల్లుండేనని, ఒక్కరోజు వచ్చి గోడ పక్కన కూర్చున్నా చాలునని బతిమాలారు. ఫోటో తీసుకున్నాక మళ్ళీ ఇటే వచ్చేయవచ్చన్నారు. నేను చెంబు కడిగి నిండా పోసి ఇచ్చాను. ఆయన నిలబడే తాగారు. ఉదయం నుంచి ఏమీ తిననివాడిలా తాగారు.

"పుల్లగా, చల్లగా, బ్రహ్మాండంగా ఉందమ్మా" అన్నారు మూతి తుడుచుకుంటూ. "దీని మీద పుస్తకం ఏదైనా ఉందా?"

లేదన్నాను. ఆయన చాలా బాధపడ్డారు.

ఇట్లు,
లెంక అసిరమ్మ, వయసు అరవై మూడు.
ప్రస్తుత నివాసం: రైలు గేటుకు అవతల, పంచాయతీ వైపు, జగ్గమ్మ ఇంటి వెనక గది.